కాయంబు ‘నపాయమే’నా, ‘నాపాయమే’నా?

రేగడి: శ్రీరామనవమికి బెంగళూరు మల్లేశ్వరంలో పందిరి వేసి పానకం, కోసంబరి, నీరుమజ్జిగ పంచుతున్నారు. పందిరికి కట్టే బ్యానరు మీదికి, పోతన భాగవతంలో వామనుడికి దానమిచ్చే ముందు బలి చక్రవర్తి శుక్రుడితో అన్న మాట ఒక్క పాదం కావాలి. ‘…నా కరంబుంట మేల్ గాదే, రాజ్యము గీజ్యమున్ సతతమే, కాయంబు నపాయమే’ అని నోట్లో తిరుగుతోంది. చివరి మాట దగ్గరే అనుమానం. ‘న’కు దీర్ఘం ఉందా లేదా? ప్రెస్సుకు ఇచ్చేలోగా చెప్పండి.

శార్దూలం: నాపాయమే. ఇది శార్దూల పద్యం, పాదం చివర త, త, గ గణాలు రావాలి. ‘కాయంబు’ ఒక తగణం (రెండు గురువులు, ఒక లఘువు), ‘నాపాయ’ రెండోది. దీర్ఘం తీసేస్తే మొదటి గురువు లఘువై ‘నపాయ’ జగణమైపోతుంది. బ్యానరు మీద పాదాన్ని విరవాలంటే ‘సతతమే’ తర్వాతే విరవండి. పైన 12 అక్షరాలు, కింద 7. యతి 13వ అక్షరానికి గనక కింది వరుస ‘కాయంబు’తో మొదలై పాదం మొదటి ‘గాదే’కు సరిగ్గా పలుకుతుంది.

తుమ్మెద: గణం సరేనండీ, అర్థం మాటేమిటి? కాయానికి అపాయం తప్పదనే కదా బలి అనేది. ఛందస్సు కోసం ‘న’కు దీర్ఘం పెట్టాడంటే సరిపోదా?

శార్దూలం: పోతనకు ఆ అవస్థ ఎందుకండీ! న + అపాయము, నాపాయము. రాజ్యం శాశ్వతమా, దేహం చెడనిదా అని జంట ప్రశ్నలు. రెంటికీ ‘కాదు’ అనే జవాబు.

తుమ్మెద: అచ్చు ముందు నఞ్ (‘కాదు, లేదు’ అనే సంస్కృత ‘న’) ‘అన్’ కావాలి. అంటే అనపాయము.

కూకటి: నాకము, నాసత్యులు ఉన్నారుగా? అకం (దుఃఖం) లేనిది నాకం. ‘న’ మారని మాటలకు పాణినే పట్టీ ఇచ్చాడు. అందులో నాపాయం లేదంటారేమో, నైకమూ లేదు. అయినా వాడుకలో ఉంది. పోనీ మీ రూపమే పెట్టి చూడండి: ‘కాయం బనపాయమే’. మళ్ళీ ఆ జగణమే!

ఉయ్యాల: ‘నా పాయమే’ అని విడగొట్టకూడదా? పాయమంటే ప్రాయం. నా వయసు నిలిచేదా అని.

శార్దూలం: విడగొడితే ‘కాయంబు’ ఏ క్రియా లేకుండా మధ్యలో వేలాడుతుంది. ‘సతతమే’లోని ఏకారంతో మొదటి ప్రశ్న అప్పటికే ముగిసింది.

కూకటి: నాకైతే ఈ పాదానికి ప్రాణం ‘గీజ్యము’. లక్ష్మి కొప్పు, పాదాబ్జాలు, కపోలతటి అంటూ మూడు పాదాలు పైకెక్కి, రాజ్యం దగ్గరికొచ్చేసరికి వీధి మాట వేశాడు. రా దీర్ఘం గనక గీ. ‘డబ్బు గిబ్బు’లో హ్రస్వం గనక గి. కన్నడంలో ‘ఊట గీట’కూ ఇదే పద్ధతి కాబట్టి మల్లేశ్వరంలో తెలుగు రానివాళ్ళూ ఆ విసురు పట్టుకుంటారు. ముల్లోకాలు పోతున్నాయని తెలిసీ అంత తేలిగ్గా తీసిపారేయడం ఎవరి తరం!

ఉయ్యాల: అసలు ఈ పాదం అక్కడ కట్టకూడదని నా మాట. వచ్చినవాడు విష్ణువని శుక్రుడు చెప్పేశాడు. అంతటివాడి చేయి కింద, తన చేయి పైన ఉండబోతోందని బలి పొంగిపోతున్నాడు. ఆ గొప్ప పుచ్చుకునేవాడిది. ఎండలో పానకం గ్లాసుకు చేయి చాచినవాడి నెత్తిమీద ఇదే పాదం కడితే ‘నా చేయి పైన’ అని గుర్తుచేసినట్టవుతుంది. పైగా ‘నా కరంబుంట మేల్’ మూడో పాదంలో, ‘గాదే’ నాలుగో పాదంలో. ఒక్క పాదంగా తెగదు. బలిదే ఇంకో పద్యం ‘కారే రాజులు’లోంచి తీసుకోండి: ‘శిబిప్రముఖులుం బ్రీతిన్ యశఃకాములై యీరే కోర్కులు’. సంతోషంగా ఇవ్వడమే మీకు కావలసింది.

తుమ్మెద: అందులో ‘యశఃకాములై’ ఉందండీ. పందిట్లో దాతల పేర్ల బోర్డుకైతే బాగుంటుంది. ‘ప్రీతిన్’ యతి కోసం పడ్డ మాట, ‘బేరైనం’కు జోడీ, అంతే.

శార్దూలం: యతి ఒక్కటే కావాలంటే ‘పేర్మిన్’ చక్కగా పడేది, గణమూ చెడదు. అది కాదని ప్రీతినే ఎంచుకున్నాడు. ఆ పద్యం అల్లిక చూడండి: కారే, కలుగవే, పొందరే, ఈరే ఇవన్నీ వ్యతిరేక రూపాలు, జవాబు ‘అవును’. పోవంజాలిరే, కలదే, మఱచిరే అన్నవాటికి జవాబు ‘లేదు’. కూడబెట్టినవాళ్ళు ‘అవును’తో మొదలై ‘లేదు’లో పోయారు. ఇచ్చినవాళ్ళ దగ్గర మాత్రం ‘లేదు’ కూడా ఆశే: వాళ్ళను మరిచారా? లేదు. ‘మఱచిరే’లో బండి ఱ, టైపు చేసేవాడికి చెప్పండి.

తుమ్మెద: ప్రీతిన్ పక్కనున్న యశఃకాములైకి అంటుతుందా, పాదం దాటి ఈరేకు పోతుందా? మొదటిదైతే కీర్తి మీద ప్రీతి, అంతే కదా.

శార్దూలం: ‘ఐ’ అసమాపకం. ప్రీతిన్ సమాపక క్రియ ఈరేకే పోవాలి. పాదం దాటడం ఇందులోనే ఉంది: ‘భూమిపై’ రెండో పాదం చివర, ‘బేరైనం గలదే’ మూడో పాదం మొదట.

కూకటి: ‘భూమిపై’ని దాని ముందున్న ‘సిరిమూటగట్టుకొని పోవం జాలిరే’తో కలిపి చదివేవాళ్ళూ ఉన్నారండీ.

శార్దూలం: భూమిపై మూటగట్టుకొని ఎక్కడికి పోతారండీ?

తుమ్మెద: పోలేరనేగా బలి అడిగేది!