అందరం కలిసి వెళ్దామని పిలిచి, వెనకబడ్డవాళ్ళను దారిలో వదిలేయొచ్చా? (బరంపురం – తప్తపాని రైడ్)

చివరి_చక్రం (బరంపురం)

మొన్న ఆదివారం మా సైకిల్ క్లబ్బు ఘాట్ మీది వేడినీటి గుండం తప్తపాని వెళ్ళింది. రానూపోనూ సుమారు వంద కిలోమీటర్లు. వారం ముందే వాట్సాప్ గ్రూపులో పిలుపు పెట్టారు: "కొత్తవాళ్ళూ రావచ్చు, అందరం కలిసే వెళ్తాం."

దారిలోని దిగపహండి దాకా కలిసే ఉన్నాం. అక్కడ బరా, ఘుగుని తిన్నాక గట్టిగా తొక్కే ఏడెనిమిది మంది ముందుకు వెళ్ళిపోయారు. ఘాట్ ఎక్కి, వేడినీటి గుండం దగ్గర ఫొటోలు దిగి, మిగతావాళ్ళు పైకి చేరే వేళకి తిరుగుదారి పట్టేశారు. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం కుర్రాడొకడు, గేర్లు లేని సైకిలు మీద, దిగపహండి ఇవతల ఒక్కడే తొక్కుతూ కనిపించాడు. సీసాలో చుక్క నీళ్ళు లేవు. అతన్ని ఇంకొకరూ నేనూ మా వెనక ఉంచుకుని ఊరు చేర్చాం.

ఇప్పుడు క్లబ్బులో కొత్త నియమం పెడదామంటున్నారు: సగటున గంటకు 22 కి.మీ. తొక్కలేనివాళ్ళు వంద కి.మీ. రైడ్లకు రాకూడదట. నాకిది అన్యాయంగా కనిపిస్తోంది. తప్పు ఆ కుర్రాడి వేగంలో లేదు. కలిసి వెళ్తామన్న మాట నమ్మి వచ్చాడు. ఆ మాట తప్పింది క్లబ్బు, శిక్ష మాత్రం అతనికి. మీరేమంటారు?

ఎదురుగాలి (ఛత్రపురం)

ఆ ముందు వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను అన్నా. మా వైపు నుంచి కూడా చెప్పాలి.

ఎండాకాలం మొదలైంది. పొద్దున్న పదకొండు దాటాక రోడ్డు మీద ఉండే ప్రతి అరగంటా ఒంట్లో నీళ్ళు లాగేస్తుంది. సమతలంలో 25 మీద తొక్కేవాడికి యాభై కిలోమీటర్లకు రెండు గంటలు పడుతుంది, 20 మీద తొక్కేవాడికి రెండున్నర. అది వెళ్ళేటప్పుడు. తిరిగి వచ్చేటప్పుడు ఆ తేడా ఇంకా పెరుగుతుంది. ప్రతిచోటా ఆగుతూ పోతే ఇరవై మందీ ఎండలోనే ఉండాలి. ఒకరిని కాపాడబోయి అందరినీ వడదెబ్బ అంచుకు తీసుకెళ్ళడం మంచి పనేనా?

ఘాట్ ఎక్కి చెమటతో అరగంట నిలబడితే కాళ్ళు బిగుసుకుంటాయి కూడా. ఇంకో సంగతి. నెలల తరబడి తెల్లవారుజామున నాలుగింటికి లేచి సాధన చేసేవాళ్ళున్నాం. మాకూ గట్టిగా తొక్కే రోజు ఒకటి కావాలి కదా. కొత్తవాళ్ళకు గోపాల్‌పూర్ ఉంది, ముప్పై ముప్పై అయిదు కిలోమీటర్లలో వెళ్ళి రావచ్చు. అది చేసి, తర్వాత ఘాట్‌కు రమ్మనండి.

ఉషోదయం (బరంపురం)

నా వేగం మధ్యరకం. ముందువాళ్ళను అందుకోలేను, మరీ చివరా ఉండను. అందుకే ఆ రోజు ఘాట్‌లో చాలాసేపు నా ముందూ వెనకా ఎవరూ లేరు. ఒకపక్క అడవి, మలుపు తిరిగితే లారీ. అక్కడ పంచరైతే చేసుకోగలను, ట్యూబూ పంపూ నా దగ్గరే ఉంటాయి. కానీ ఒంటరిగా ఒక ఆడమనిషి రోడ్డు పక్కన చక్రం విప్పి కూర్చుంటే మొదట భయమేసేది పంచరు గురించి కాదు. మా ఇంట్లో నన్ను పంపేది "క్లబ్బుతో వెళ్తోంది" అన్న ఒక్క మాట మీదే.

సగటు వేగం ఎంత పెట్టుకుంటారో మీ ఇష్టం. ఘాట్‌లో మాత్రం ఎవరూ ఒంటరిగా ఉండకూడదు, కనీసం ఇద్దరిద్దరుగా కదలాలి. నేను అడిగేది అంతే.

రెండువందలు (విశాఖ)

మాది బ్రెవేల దారి, అంటే ఎవరి వేగంతో వాళ్ళు గడువులోపు పూర్తిచేసే దూరపు రైడ్లు. బ్రెవేలో ఎవరూ ఎవరికోసం ఆగరు, ఆగుతారని ఎవరూ ఆశపెట్టుకోరు. లైటు, ట్యూబు, తిండి, మందు అన్నీ ఎవరివి వాళ్ళే మోసుకోవాలి. అది ముందే తెలిసి సంతకం పెడతాం. అలాంటి చోట కూడా 200 కి.మీ.కి గడువు 13 గంటల 30 నిమిషాలు. ఆగిన సమయం కలుపుకుంటే గంటకు 15 కూడా పడదు. 300కి 20 గంటలు, 400కి 27 గంటలు. ఎవరికోసం ఎవరూ ఆగని చోటే 15 చాలంటుంటే, వంద కిలోమీటర్ల ఆదివారం రైడ్‌కు మీ క్లబ్బు 22 అడుగుతోంది!

ఈ గొడవ కొత్తది కాదు. ఫ్రాన్సులో 1904లో ఆడాక్స్ రైడ్లు మొదలైనప్పుడు అందరూ గుంపుగా, ముందు కెప్టెన్‌తో, ఒకే వేగంతో వెళ్ళేవారు. 1921లో అక్కడ చీలిక వచ్చింది. ఎవరి వేగం వారిదే అన్నవాళ్ళు వేరే పద్ధతి పెట్టుకున్నారు, మన బ్రెవేలు అందులోంచి వచ్చినవే. పాత పద్ధతి కూడా నిలిచింది. అందులో ఇప్పటికీ గంటకు 22.5 కి.మీ., కెప్టెన్‌ను దాటి ఎవరూ ముందుకు పోకూడదు. వేగం అడిగిన చోట కలిసి ఉండే బాధ్యత కూడా ఉంది, గమనించండి. మీ క్లబ్బు పాత పద్ధతిలోంచి వేగం, బ్రెవేలోంచి స్వేచ్ఛ తీసుకుంటోంది. ఏదో ఒకటి ఎంచుకోమనండి.

పాత_సైకిలు (పర్లాకిమిడి)

నాయనా, ఒక్క మాట. మధ్యాహ్నం మీరు తూర్పుగా తిరిగి వస్తారు. ఆ వేళకి సముద్రపు గాలి లేస్తుంది, అది మీ మొహానికే కొడుతుంది. అలిసిన కుర్రాణ్ణి ఆ గాలికి ఒంటరిగా వదిలారు. బలమున్నవాళ్ళు ముందుండి గాలి కాయాలి, లేనివాళ్ళు ఆ చాటున రావాలి. గుంపుగా తొక్కడమంటే మాకు తెలిసింది అదే.

చివరి_చక్రం (బరంపురం)

గురువుగారు చెప్పినదానికి లెక్క కూడా తోడుంది. సమతలంలో మనం పోరాడేది చాలావరకు గాలితోనే. 25 నుంచి 30కి పెంచితే గాలిని చీల్చడానికే 70 శాతానికి పైగా అదనపు శక్తి కావాలి. చక్రం వెనక చక్రంగా దగ్గరగా ఉన్నవాడికి ఆ వేగాల్లో శ్రమ బాగా తగ్గుతుంది. అంటే ఒంటరిగా 20 మీద ఈడ్చేవాడు మంచి గుంపు చాటున 23, 24 తొక్కగలడు. ఆ కుర్రాడు మా వెనక చేరాక అలాగే తొక్కాడు, కళ్ళారా చూశాను. కాబట్టి ఎదురుగాలి తమ్ముడూ, నువ్వు చెప్పిన ఆ అరగంట తేడా సమతలంలో కలిసి ఉంటే చాలావరకు పుట్టదు. విడిపోయాం కాబట్టి పుట్టింది.

ఘాట్ సంగతి వేరు, అక్కడ నీతో ఏకీభవిస్తాను. ఎక్కుడులో 10 మీద వెళ్ళేవాడికి కిలోమీటరుకు ఆరు నిమిషాలు, 6 మీద వెళ్ళేవాడికి పది. ఆ వేగాల్లో గాలి చాటు పనిచేయదు, బరువే పోరు. అక్కడ బలమైనవాణ్ణి కట్టేయడం వల్ల ఎవరికీ లాభం లేదు. ఎవరి వేగంతో వాళ్ళు ఎక్కాలి, పైన నీడలో కూర్చుని అందరూ వచ్చేదాకా ఉండాలి. కాళ్ళు బిగుసుకుంటాయంటే కాసేపు అటూ ఇటూ నడవొచ్చు, గుండం దగ్గర చోటుకు కొదవ లేదు. ఉషోదయం గారు అడిగినట్టు చివర్లో ఎప్పుడూ ఇద్దరుండాలి, ఒక్కరు కాదు.

ఎదురుగాలి (ఛత్రపురం)

గాలి లెక్క ఒప్పుకుంటాను. కానీ చక్రం వెనక చక్రం తొక్కడం అలవాటు లేనివాణ్ణి జానెడు దూరంలో పెట్టుకుని ఆ లారీల మధ్య వెళ్ళడం నాకు భయం. ముందువాడు గుంత చూసి చెయ్యి ఊపకుండా బ్రేకు వేస్తే వెనక నలుగురు పడతారు. అది నేర్పకుండా "చాటున రండి" అనలేం. నేర్పే రైడ్లు పెట్టండి, నేనే వస్తాను. కనీస వేగం మాత్రం ఉండాలి. 22 ఎక్కువంటే 18 పెట్టండి, దానికి నేను ఓటేస్తాను.

ఉషోదయం (బరంపురం)

18 అంటే ఆ కుర్రాడు కూడా వస్తాడు, నేనూ వస్తాను. మరి పైన ఆగడం?

ఎదురుగాలి (ఛత్రపురం)

ఘాట్ పైన ఆగుతాం. పిలుపులోనే రాయండి: ఎక్కడెక్కడ ఆగుతారు, ఎంతసేపు, చివర ఎవరుంటారు. రాసి ఉంటే నేను ఆగుతాను. ఆ రోజు పైన ఆగమని మాకెవరూ చెప్పలేదు.

చివరి_చక్రం (బరంపురం)

సరే. ఆదివారం మీటింగులో నేను పెట్టబోయేది ఇది. వంద కి.మీ. రైడ్‌కు సమతలంలో 18. దిగపహండిలో, ఘాట్ మొదట్లో, పైన అందరూ కలవాలి. తిరుగుదారిలో ఊరు చేరేదాకా విడిపోకూడదు, గట్టివాళ్ళు వంతులవారీగా ముందుండాలి. గట్టి రైడ్ కావాలన్నవాళ్ళకు నెలకొకటి వేరుగా, "ఎవరికోసం ఆగం" అని స్పష్టంగా రాసి పెడదాం. దానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు.

చివర ఉండే ఇద్దరూ ప్రతిసారీ మారాలి. వచ్చే రైడ్‌కు ఒక పేరు నాది రాసుకోండి, రెండోది కావాలి.