పెళ్లి వీడియోల కోసం సొంతంగా పీసీ: మన బోర్డర్ వైపు ఎవరైనా బిగించారా?

రాయగడ_స్టూడియో
అందరికీ నమస్తే. మాది ఒడిశాలో రాయగడ, ఫొటో స్టూడియో. పాత కంప్యూటర్ ఈ సీజన్ దాటేలా లేదు. విండోస్ 10కి 2025 అక్టోబర్‌లో సపోర్టు ఆగిపోయింది, దీనిమీద 11 ఎక్కనంటోంది. ఈసారి విడిభాగాలు తెచ్చి నేనే బిగిద్దామని ఉంది. ఇంటెల్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ డిస్కు), ఓ చిన్న గ్రాఫిక్స్ కార్డు అనుకున్నా. రైలెక్కి విశాఖ వెళ్లి తేవాలా, ఆన్‌లైన్లో పెట్టేయాలా?

సిరొంచ_ప్రాణహిత
తమ్మీ, ముందు ఆ చివర 'ఎఫ్' కొట్టెయ్. అందులో ఇంటెల్ గ్రాఫిక్స్ ఉండదు. నీ కెమెరా 10 బిట్ 4:2:2 హెచ్.265 (రంగుల వివరం ఎక్కువుండే బరువైన వీడియో ఫార్మాట్) తీస్తుందా? అయితే మామూలు 12400 తీసుకో, ఆ ఫైళ్లను చిప్పే విప్పుతుంది. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో ఆ సదుపాయం ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తో గానీ రాలేదు. చిన్న కార్డు డబ్బు మిగుల్చుకుని 32 జీబీ ర్యామ్ వేయించు. ర్యామ్ ధరలు 2025 చివర్నుంచి మండిపోతున్నాయి, అది వేరే ఏడుపు.

పర్లాకిమిడి_మాస్టారు
నా ఓటు విశాఖకే బాబూ. ఇంటెల్ సాకెట్‌లో పిన్నులు మదర్‌బోర్డు మీద ఉంటాయి, ప్రాసెసర్ మీద కాదు. వెంట్రుకంత సన్నం. ఒక్కటి వంగినా కంపెనీవాళ్లు ‘ఫిజికల్ డ్యామేజీ’ అని వెనక్కి పంపేస్తారు. షాపులోనే సాకెట్ మీది నల్ల ప్లాస్టిక్ మూత తీయించి ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసుకో. బిగించాక ఆ మూత పారేయకు, వారంటీకి బోర్డు పంపాలంటే అది ఉండాల్సిందే. బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరూ రాయించు. నాకో షాపువాడు ‘కంప్యూటర్ ఒకటి’ అని బిల్లిచ్చాడు, తర్వాత ర్యామ్ పోతే దేనికి వారంటీ అడగాలి?

బల్లార్షా_మైన్స్
మా మహారాష్ట్ర వైపైతే రైలెక్కితే సికింద్రాబాదే, అక్కడి కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో అన్నీ ఒకేచోట దొరుకుతాయి. క్యాబినెట్ మాత్రం గాజు ముఖం ఉన్నది కొనకండి. మా చంద్రపూర్ జిల్లాలో మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. గదిలో గాలే అలా ఉంటే ఏ ఫ్యానూ ప్రాసెసర్‌ని అంతకంటే చల్లబరచలేదు. ముందు జాలీ ఉండాలి, దుమ్ము ఫిల్టరు ఊడిరావాలి.

రాయగడ_స్టూడియో
మీరు చెప్పినట్టే ఎఫ్ లేనిది, 32 జీబీ, విశాఖలోనే తెచ్చాను. బిగించాను, మొదటిసారే డిస్‌ప్లే వచ్చింది! కానీ క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది. బోర్డు ఎక్కడైనా షార్ట్ అయిందంటారా? టెన్షన్‌గా ఉంది.

జయపురం_వైర్‌మ్యాన్
బోర్డు కాదు, మీ ప్లగ్గులో ఎర్త్ లేదు. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి పవర్ సప్లై)లోకి కరెంటు వచ్చేచోట ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు బాడీకి కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే పెట్టె మీద సప్లైలో సగం, దగ్గరదగ్గర 115 వోల్టులు నిలబడుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది, కానీ హెచ్‌డీఎంఐ గుచ్చేటప్పుడు పోర్టు కాలిపోవచ్చు. నిజంగా ఫేజ్ బాడీకి తగిలిందంటే ప్రాణానికే ముప్పు. మల్టీమీటర్ పెట్టించండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు 230 రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు.
ఒక్క మాట. ‘న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకి లింకు వేసేస్తా’ అనే మేస్త్రీ వస్తే ఇంటికి పంపేయండి. ఎక్కడో న్యూట్రల్ తెగితే మొత్తం 230 మీ క్యాబినెట్ మీదే ఉంటుంది. గొయ్యి తీసి, పైపు దించి, బొగ్గు ఉప్పు వేయించాల్సిందే. ఎండాకాలం అందులో నీళ్లు కూడా పోయాలి.

సిరొంచ_ప్రాణహిత
ఎర్తింగ్ సరే, యూపీఎస్ సంగతేంది? మా దగ్గర గాలివాన వస్తే కరెంటు పోవడం కాదు, వచ్చి పోయి వచ్చి పోయి చంపుతది.

జయపురం_వైర్‌మ్యాన్
600 వీఏ యూపీఎస్ అంటే చాలావరకు 360 వాట్లే. కార్డు లేని ఈ మిషన్‌కి సరిపోతుంది, ఎడిటింగ్ సేవ్ చేసి ఆపేంత టైమిస్తుంది. చౌకవాటిలో బ్యాటరీ మీద వచ్చే కరెంటు మెట్లుమెట్లుగా ఉంటుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సమంగా లాగే సర్క్యూట్) ఉన్న కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు దాన్ని ఒప్పుకోక ఆ క్షణమే ఆఫ్ అయిపోతాయి. అందుకే కొనేముందు మీ మిషన్ తగిలించి, యూపీఎస్ ప్లగ్గు లాగి చూడండి.

పర్లాకిమిడి_మాస్టారు
అంత ఖర్చెందుకండీ, ఇంటి ఇన్వర్టర్ చాలదా?

జయపురం_వైర్‌మ్యాన్
ప్యూర్ సైన్ వేవ్ (లైన్ కరెంటులా మెట్లు లేకుండా నున్నగా వచ్చేది) అయి, బ్యాటరీకి మారడానికి పట్టే టైము తక్కువైతే చాలు మాస్టారూ. పాత స్క్వేర్ వేవ్ దానికి మాత్రం తగిలించకండి.

రాయగడ_స్టూడియో
మీటర్ పెట్టించాను. ఎర్త్ తీగ స్విచ్ బోర్డు దాకా వచ్చింది గానీ మీటరు పెట్టె దగ్గర ఎక్కడా కలపలేదు. ఓనరు గొయ్యికి ఒప్పుకున్నాడు, కూలి నాదేనట. ఇంకో చిన్న డౌటు: 3200 స్పీడు ర్యామ్ కొంటే 2666 చూపిస్తోంది, మోసపోయానా?

బల్లార్షా_మైన్స్
లేదు అన్నా. బయోస్‌లోకి (ఆన్ చేయగానే వచ్చే సెట్టింగుల మెనూ) వెళ్లి ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దానిమీద రాసిన స్పీడుకి నడిపే సెట్టింగు, ఆన్ చెయ్యి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులైతే ప్రాసెసర్ వైపు నుంచి 2, 4 స్లాట్లలో ఉన్నాయో లేదో చూడు. 1, 2లో పక్కపక్కన పెడితే డ్యుయల్ చానల్ (రెండు స్టిక్కులూ రెండు దారుల్లో ఒకేసారి పనిచేయడం) రాదు.