"టీసీ తీసుకోండి" అంటున్నారు, ఏం చేయాలి?

కరీంనగర్ అమ్మ:
మా బాబుకి ఏడేళ్ళు, రెండో తరగతి. ఆటిజం అని నాలుగేళ్ళప్పుడు తెలిసింది. మాటలు తక్కువే గానీ చదవడం బాగా వచ్చు, బస్సుల మీద ఊళ్ళ పేర్లన్నీ చదివేస్తాడు. ఇబ్బందల్లా స్కూల్ బెల్లుతోనే. అది మోగగానే చెవులు మూసుకుని బెంచీ కిందికి దూరతాడు, ఎంత పిలిచినా రాడు. నిన్న ప్రిన్సిపాల్ పిలిచి, మిగతా పేరెంట్స్ గొడవ చేస్తున్నారు, మీ ఖర్చుతో షాడో టీచర్‌ని, అంటే క్లాసులో వాడి పక్కనే ఉండి చూసుకునే మనిషిని పెట్టుకోండి లేదా టీసీ తీసుకోండి అన్నారు. మాకంత స్తోమత లేదు. మా అత్తగారేమో మగపిల్లలకి మాటలు లేటే, నువ్వే ఊరంతా చాటుతున్నావంటారు. మా ఆయన టీసీ తెచ్చేద్దామంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

ఇద్దరు పిల్లల నాన్న:
అమ్మా, టీసీ కోసం మాత్రం అప్లికేషన్ రాయకండి. రాస్తే మీ అంతట మీరే వెళ్ళిపోయినట్టు అవుతుంది. "నిన్న మీరు చెప్పింది కాగితం మీద రాసివ్వండి" అని ఒక ఈమెయిల్ పెట్టండి, అంతే. మాకూ ఇలాగే అయింది, రాసివ్వమన్నాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేట్ స్కూలైనా సరే వివక్ష లేకుండా చేర్చుకోవాలి, అవసరమైన ఏర్పాట్లు చేయాలి. విద్యాహక్కు చట్టమేమో ఎనిమిదో తరగతి దాకా పిల్లల్ని స్కూల్లోంచి తీసేయకూడదంటుంది. రెండింట్లోనూ 16వ సెక్షనే, గుర్తుపెట్టుకోవడం తేలిక.

పాత టీచరమ్మ:
పై ఆయన చెప్పింది నిజమే కానీ సెక్షన్లు మొదటి మీటింగులోనే తీయకండి, రోజంతా బాబుతో ఉండేది క్లాస్ టీచర్, ఆవిడ బెదిరిపోతే మీకే నష్టం. ముందు ఆవిడతో బెల్లు సంగతి మాట్లాడండి. నా క్లాసులో ఇలాంటి పాప ఉండేది. బెల్లుకి రెండు నిమిషాల ముందు బోర్డు మూలన చిన్న గంట బొమ్మ గీసేదాన్ని, అది చూసి తనే బ్యాగులోంచి ఇయర్‌మఫ్స్ తీసి పెట్టుకునేది. దీనికి షాడో టీచర్ ఎందుకు, సుద్దముక్క చాలు.

వరంగల్ నుంచి:
బాబుకి దివ్యాంగ సర్టిఫికెట్ ఉందా? లేకపోతే ముందు ఆ పని చూడండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటేనే చాలా స్కీములు వర్తిస్తాయి. మేము ఆ సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకి వెళ్ళినప్పుడు మూడు గంటలు కూర్చోబెట్టారు, ఇంట్లో ఎప్పుడూ తన పేరు చెప్పని మా వాడు ఆ రోజే డాక్టరుకి టకటకా చెప్పేశాడు, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫోన్‌లో వీడియోలు, థెరపీ కాగితాలు పట్టుకెళ్ళండి. తర్వాత ఆటిజం లాంటివి ఉన్నవాళ్ళకి ఇచ్చే నిరామయ హెల్త్ ఇన్సూరెన్స్ చేయించండి, ఏడాదికి లక్ష దాకా, థెరపీలకీ ఇస్తారు. వీలైతే ఒకసారి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థలో, అదే ఎన్‌ఐఈపీఐడీలో చూపించండి.

కరీంనగర్ అమ్మ:
అందరికీ థాంక్స్. ఈమెయిల్ పెట్టాను. జవాబు రాలేదు గానీ ప్రిన్సిపాల్ ఫోన్ చేసి, రాతకోతలు ఎందుకమ్మా, యూనిట్ టెస్టులయ్యాక చూద్దాం అన్నారు. క్లాస్ టీచర్ గంట బొమ్మకి ఒప్పుకున్నారు. మొదటి రోజు వీడు దాన్ని తుడిచేసి వచ్చాడట! సర్టిఫికెట్ రాకముందే నిరామయకి అప్లై చేయొచ్చా?

వరంగల్ నుంచి:
కుదరదండీ, సర్టిఫికెట్ ఉండాల్సిందే. బొమ్మ తుడిచాడంటే చూశాడనేగా, రేపు కూడా గీయమనండి.