ఆరేళ్ల పాప, పియానో, బలం లేని చిటికెన వేలు

మారతహళ్లి అమ్మ: ఇంట్లో 61 కీల కీబోర్డు, క్లాసులో అసలు పియానో. అక్కడ మా పాప ఉంగరం వేలు, చిటికెన వేలు నొక్కితే శబ్దమే రావట్లేదు. మావారు వేళ్లకు బలం వచ్చేందుకు నొక్కే స్ప్రింగు పరికరం కొందామంటున్నారు. కొనమంటారా?

బీటీఎం నాన్న: వద్దండీ! వేళ్లలో కండరాలుండవు, వాటిని కదిలించేవి ముంజేతిలో, అరచేతిలో ఉంటాయి. ఉంగరం వేలు పెద్దవాళ్లకీ విడిగా సరిగ్గా లేవదు. జర్మన్ సంగీతకర్త షూమాన్ ఇలాంటి పరికరంతోనే కుడిచెయ్యి పాడుచేసుకున్నాడని చెబుతారు.

జయనగర్ టీచర్: ముందు కుర్చీ ఎత్తు చూడండమ్మా. మోచెయ్యి కీల మట్టానికి రావాలి. కాళ్లు వేలాడుతుంటే కింద పీట వేయండి. చిటికెన వేలు పడుకోబెట్టకుండా, కొసమీద చేతి బరువు వాలేలా నొక్కించండి. చపాతీ పిండి పిసకనివ్వండి. నొప్పంటే ఆపేయండి.

మారతహళ్లి అమ్మ: పీట వేశాను. పిండి మాత్రం ఆదివారమే, వంటిల్లు నేనే కడగాలిగా! కీబోర్డు మార్చాలా?

బీటీఎం నాన్న: వీలైతే వెయిటెడ్ కీలున్నది, అంటే అసలు పియానోలా కీలు బరువుగా ఉండేది. మేం సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాం.