అత్తమ్మ గదికి చో కు రే (రేకిలో గీసే శక్తి గుర్తు) ఎలా వేయాలి?

మిర్యాలగూడ నుంచి రాస్తున్నా. రేకి (చేతులతో శక్తి పంపుతామనే జపాను పద్ధతి) రెండో స్థాయి శిక్షణ పోయిన నెలే అయింది. అత్తమ్మ పోయిన గదిలోకి వెళ్తే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. నాలుగు గోడల వైపు చో కు రే గీసి, దాని పేరు మూడుసార్లు అంటున్నా. పైకి అనాలా, మనసులోనా? సాంబ్రాణి కూడా వేయొచ్చా?

> అక్కా, మనసులో చాలు. ముందు అడ్డగీత, తర్వాత కిందికి నిలువుగీత, దాని మీద లోపలికి చుట్టు. నేను తొందరలో చుట్టు సగంలోనే ఆపేదాన్ని. గురువుగారు చెయ్యి పట్టి దిద్దించారు. మనసు బరువుకైతే సే హే కి అనే గుర్తు కూడా కలపండి.

> మాది నల్లగొండ. ముందు కెన్యోకు (రేకిలో ఒంటిని తుడిచి శుద్ధి చేసుకోవడం) చేయమ్మా: కుడి అరచెయ్యి ఎడమ భుజం నుంచి కుడి నడుము దాకా ఒక్క తుడుపు, అలాగే రెండోవైపు. సాంబ్రాణి మన ఇంటి అలవాటు, వేసుకో. నిద్ర పట్టకుంటే మాత్రం డాక్టరుకు చూపించు.

> సరే అన్నా. ఆమె వక్కాకు సంచి ఇంకా కిటికీ మేకుకే ఉంది. అది తీయను.