పురమందిరం అనే మాట గురించి

టౌన్ హాల్‌ని మీ ఊళ్లో ఏమంటారు? మా నెల్లూరులో 'పురమందిరం' ఇప్పటికీ బతికే ఉంది. సభల కరపత్రాల్లో ఆ మాటే వేస్తారు. 2017లో అమ్మతో కలిసి ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ టౌన్ హాల్ చూడ్డానికి వెళ్లినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది అదే.

విక్టోరియా రాణి కాలంలో, ఆల్‌ఫ్రెడ్ వాటర్‌హౌస్ గీసిన గోతిక్ (పాతకాలపు యూరప్ చర్చిల తరహా) నమూనా ప్రకారం 1868లో పని మొదలుపెట్టి 1877లో తెరిచారు. 85 మీటర్ల గడియారపు గోపురం, ఎటు చూసినా కోసుదేలిన కమానులు. గుమ్మం దగ్గరే అమ్మ ఆగిపోయి "చర్చి కదూ, చెప్పులు విప్పాలా?" అంది. మున్సిపాలిటీ అంటే ఎంతకీ నమ్మలేదు.

మేడ మీద గ్రేట్ హాల్ బయట నేలంతా మొజాయిక్ తేనెటీగలు. చిన్న చిన్న రాతి ముక్కలతో రెక్కలు, పొట్ట మీద చారలు అన్నీ కూర్చారు. పత్తి మిల్లులతో ఎదిగిన ఆ ఊరికి, అక్కడి కష్టజీవులకి తేనెటీగే గుర్తు. అమ్మ ఒక్కదాన్నీ తొక్కకుండా గోడవారగా నడిచింది. మరుసటి ఏడే మరమ్మతుల కోసం భవనం మూసేశారు.

*

ఇది చదివి ఒకరు అడిగారు: మందిరం అంటే గుడి కదండీ? ఆఫీసుకి ఎలా నప్పుతుంది? 'పురపాలక భవనం' అంటే సరిపోదా?

*

గుడి అనే అర్థం ఇప్పుడు బలపడిందిగానీ మొదట మందిరం అంటే ఇల్లేనండీ. అమరకోశం అనే పాత సంస్కృత నిఘంటువు ఇంటి పేర్ల వరసలోనే 'భవనాగారమందిరమ్' అని చెప్పింది. రాజమందిరం, శయనమందిరం అంటున్నాం, అక్కడ దేవుడెవరూ లేరు కదా. పురమందిరం అంటే ఊరందరి ఇల్లు. పురపాలక భవనం అనగానే నాకు పన్ను కట్టే కిటికీ ఒక్కటే కళ్లముందు కదులుతుంది. మాంచెస్టర్‌లో కార్యాలయమూ సభాశాలా ఒకే కప్పు కింద ఉన్నాయి. హైదరాబాద్‌లో 1913లో పూర్తయిన పాత అసెంబ్లీ భవనం కూడా టౌన్ హాల్‌గా కట్టిందే. ఇలాంటివాటికి పురమందిరమే సరైన మాటని నా గట్టి నమ్మకం.

నాకు తేలనిది ఇంకోటుంది. పైన 'కోసుదేలిన కమాను' అన్నాను. కమాను పారసీ మాట, విల్లు అని అర్థం. విల్లు వంపుకి కొన ఉండదుగా! రెండు వంపులు పైన కలిసి మొనదేలే ఆ ఆకారానికి మీ వైపు తాపీమేస్త్రీలు ఏదైనా పేరు వాడుతుంటే రాయండి.