అప్‌డేట్: మొటిమల జెల్ రాస్తే బుగ్గలు మండుతున్నాయని అడిగాను కదా

అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ కలిసిన జెల్ రాసినప్పటి నుంచి ముఖం ఎర్రబడుతోందని అడిగింది నేనే. బెంగళూరు మారతహళ్లిలో స్కిన్ డాక్టరు గారికి చూపించుకున్నాను. ఆవిడ లెన్సు పెట్టి, ముక్కు పక్కన దారప్పోగుల్లాంటి సన్నటి ఎర్ర రక్తనాళాలు చూపించారు. మొటిమలైతే ఉండే బ్లాక్‌హెడ్స్ ఒక్కటీ లేవు. ఇది రోజేషియా, అంటే ముఖం ఎర్రబడి పొక్కులొచ్చే చర్మ సమస్య అన్నారు. జెల్ దాన్ని పుట్టించలేదట, ఉన్నదాన్ని రేపిందట. చామనఛాయ మీద ఎరుపు సరిగ్గా తెలియదు, అందుకే చాలామంది మొటిమలే అనుకుంటారట.

జెల్ మాన్పించి, రాత్రికి రోజేషియా పొక్కులకు వాడే ఐవర్‌మెక్టిన్ 1% క్రీమ్, పగలు జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్ రాసుకోమన్నారు. బెంగళూరు చల్లగా ఉన్నా ఎండ చురుకే మరి. మంట పోయింది, పొక్కులు అణిగాయి. ఎరుపు ఇంకా ఉంది.

దయచేసి మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీమ్ మాత్రం రాయకండి. మొదట తగ్గినట్టే ఉంటుంది, ఆపాక ఇంకా ఎక్కువవుతుంది.